ప్రక్క సందు: ఇంటికి మిగిలిన ఆకాశము

మన యిండ్లలో ప్రతి చోటునకును ఒక పేరును, ఒక గౌరవమును గలవు. వీధియరుగు వచ్చిపోవువారిది, వంటయిల్లు ఇల్లాలిది, దేవునిమూల పెద్దలది, పెరడు పిల్లలది. ఇంటిగోడకును పొరుగువారి గోడకును నడుమ నాలుగైదడుగుల వెడల్పున మిగిలిపోవు సందునకు మాత్రము నా యనువారెవ్వరును లేరు. పగిలిన కుండలు, విరిగిన మంచపుకోళ్లు, తుప్పు పట్టిన రేకులు, చక్రము లేని సైకిలు, ఇంటిలో ఎవ్వరికిని అక్కరలేనిదెల్ల అచ్చటికే చేరును. వానకాలమున దోమలును, వేసవిలో తేళ్లును అందు కాపురముండును. తలుపు తీసి దాని మొగము చూచుటకైనను మనకు మనసొప్పదు.

అట్టి సందొకటి మా యింటికిని గలదు. దానిని మనుష్యులు కూర్చుండి, పని చేసికొని, మాటలాడుకొనదగిన చోటుగా మార్చుటకు మాకు ఇంచుమించు ఒక సంవత్సరము పట్టెను. అందు సగము కాలము నేను చేసిన తప్పులకే సరిపోయెను. ఆ తప్పులు మీరు చేయకుందురుగాక యని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మేము నివసించు మేడారము ములుగు జిల్లాలో తాడ్వాయి మండలమున అడవి నడుమనున్న చిన్న యూరు. 2016వ సంవత్సరము వరకు ఇది వరంగల్లు జిల్లాలోనిదే. 2019లో ములుగు ప్రత్యేక జిల్లా అయ్యెను. రెండేండ్లకొకమారు మాఘమాసమున సమ్మక్క సారలమ్మల జాతరకు లక్షలకొలది జనము వచ్చు నాలుగు దినములు తప్ప తక్కిన కాలమెల్ల ఊరు నెమ్మదిగా నుండును. నా భర్త యీ ప్రాంతపు బడిలో ఉపాధ్యాయులు. మేముండునది మూడు గదుల పెంకుటిల్లు, అద్దెది. దాని పడమటి ప్రక్కన ఉత్తర దక్షిణములుగా 28 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల సందు. ఉత్తరపు కొన వీధికి తెరచియున్నది; దక్షిణపు కొనను పెరటిగోడ మూసియున్నది. వంటయింటి తలుపు ఈ సందులోనికే తెరచుకొనును.

2022 వానకాలమున మా అత్తగారు పెరటిలో కాలుజారి పడిరి. తుంటియెముక విరిగి శస్త్రచికిత్స జరిగెను. ఆ పిమ్మట నాలుగుకాళ్ల ఊతకర్ర పట్టుకొని ఇంటిలో పది యడుగులు వేయగలిగిరిగాని వీధివైపునగల మూడు మెట్లు దిగలేకపోయిరి. పుట్టినది మొదలు పొలమునను, కళ్లమునను, చెట్టుక్రిందను బ్రతికిన మనిషి. నడిమి గదిలో ఒక్క కిటికీకి ఎదురుగా మంచముపై కూర్చుండిరి. ఒకనాడు నేను అన్నము పెట్టబోగా కంచము ప్రక్కకు జరిపి, "బిడ్డా, మందులు మింగి మింగి ఆకలి చచ్చింది. నాకు మొగులు కనబడి ఆరు నెలలాయె" అనిరి. ఆ మాట నాకు ములుకువలె తగిలెను. వంటయింటి తలుపునకు ఒక్కటే మెట్టు గలదని, ఆ మెట్టు దిగిన వెంటనే తలమీద ఆకాశమున్నదని నాకు ఆనాడు తోచెను.

మన పెద్దలు ఆకాశమును ఇంటివెలుపల విడిచిపెట్టినవారు కారు. మండువా లోగిళ్లలో ఇంటినడుమనే ఆకాశము దిగివచ్చెడిది. వాన, వెన్నెల, ఎండ మూడును ఇల్లాలి పనిచోటనే ఆమెను పలుకరించెడివి. స్థలములు చిన్నవై, అన్నదమ్ములు పంచుకొనగా, మండువా పోయినది. నాలుగు గదులును ఒకదానినొకటి అంటుకొన్నవి. గాలికిని, చూరునీటికిని తప్పనిసరిగా వదలిన సందు మాత్రము మిగిలినది. కావున అది చెత్తకు మిగిలిన చోటు కాదు, ఇంటికి మిగిలిన ఆకాశము.

చిన్ననాట మా తండ్రిగారు నాచే అమరకోశము వల్లె వేయించునపుడు 'నిష్కుటము' అను పదము వచ్చినది. ఇంటినంటియుండు తోటకు అది పేరు. ఇంటి తోటకు వేరుగా ఒక పేరు పెట్టుకొనిన జాతి దానిని ఎంత ప్రేమించియుండవలెను! మృచ్ఛకటికములో వసంతసేన వెంటబడిన దుర్మార్గుని తప్పించుకొని చొరబడినది చారుదత్తుని ఇంటి సింహద్వారమున కాదు, పక్షద్వారమున, అనగా ప్రక్క వాకిటనే. పెద్ద వాకిలి లోకమునకు, ప్రక్కవాకిలి ఆపన్నులకు. మా అత్తగారికిని అదియే ద్వారమయ్యెను.

2023 ఫాల్గుణమున పని మొదలిడితిని. రేకులును, పెంకుముక్కలును బయట వేయించి, తేళ్లకు వెరచి చేతులకు గుడ్డలు చుట్టుకొని ఊడ్చి శుభ్రపరచితిమి. అంతటితో నాకు గర్వము కలిగెను. వెంటనే పొరుగూరినుండి గులాబీ మొక్కలు తెప్పించితిని. స్నానపు నీరు పోవుచోట అరటి పిలకలు నాటితిని. పడమటి గోడ పొడుగునను, తూర్పున మా గోడ పొడుగునను చెరువుమట్టి పోసి మళ్లు కట్టితిని. కన్నులకు పండుగగా నుండెను. జ్యేష్ఠమాసము వచ్చునప్పటికి గులాబీలు ఎండ చాలక సన్నగిల్లెను. అరటియాకులు సందునంతయు కప్పివేసి నడువనీయకుండెను. గోడనంటి పోసిన మట్టి తేమను పీల్చి లోపలి గోడకు చెమ్మ యెక్కించెను. అత్తగారి మంచము వెనుకనే నల్లని మరకలు పడెను. ఎవరికొరకు తోట వేసితినో వారి గదికే తోట చెరుపు తెచ్చెను.

అటుపిమ్మట జూలై నెల వచ్చెను. ఆ వాన మా జిల్లావాసులు మరువదగినది కాదు. 2023 జూలై 26, 27 తేదీల నడుమ ఇరువదినాలుగు గంటలలో మా జిల్లాలోని లక్ష్మీదేవిపేటయందు 649.8 మిల్లీమీటర్ల వర్షము నమోదయ్యెను. తెలంగాణములో అంతకుముందెన్నడును ఒక్కదినమున అంతవాన నమోదు కాలేదు. జంపన్నవాగు పొంగి కొండాయి గ్రామమును ముంచి ప్రాణములను బలిగొనెను. అట్టి విపత్తు ముందు మా వంటయింటిలోనికి వచ్చిన జానెడు నీరు చెప్పుకొనదగినది కాదు. అయినను ఆ జానెడు నీటికి కారణము నేనే. వీధివైపు పారవలసిన నీటికి నా మడికట్లు అడ్డుపడెను. పోవుటకు దారిలేని నీరు గడప దాటి యింటిలోనికి వచ్చెను. నడువలేని అత్తగారిని మంచముతో సహా ఎత్తి ఇటుకలపై నిలిపితిమి. ఆ రాత్రి ఆమె నన్నొక్క మాటయు అనలేదు. అనకపోవుటయే నాకు శిక్ష యయ్యెను.

మా పొరుగున ఒక కోయ ఇల్లాలు గలదు. నాకన్న పదియేండ్లు పెద్దది, నేను అక్కా యని పిలుతును. నీరు తీసిన పిమ్మట ఆమె వచ్చి సందును అటునిటు చూచి, "నీళ్లకు తొవ్వ ఇయ్యకముందే చెట్లకు జాగ ఇచ్చినవు, పంతులమ్మా" అనెను. ఆమె యింటిముందు వెదురుతో కట్టిన పందిరి గలదు. దాని క్రింద నేల మట్టితో మెత్తి, పేడతో అలికి, వీధివైపు వాలుగా నుండును. వడ్లు దంచుటయు, బిడ్డలను నిద్రపుచ్చుటయు, చుట్టములతో మాటలాడుటయు అన్నియు అచ్చటనే. ఆమె ఎన్నడును ఏ పుస్తకమును చదువలేదు. అయినను మొదట నీరు, పిదప నేల, పిదప నీడ, అన్నిటికిని కడపట మొక్క అను వరుస ఆమెకు తెలియును. నేను కడపటిదానిని మొదట చేసితిని.

ఇక మేము రెండవమారు చేసిన పని వరుసగా చెప్పెదను. ఇల్లు అద్దెది గనుక ముందుగా యజమాని యనుమతి తీసికొంటిమి. గోడలకు దేనిని తగిలింపబోమనియు, విడిచిపోవునపుడు అన్నియు తీసికొని పోదగినట్లు చేసికొందుమనియు చెప్పితిమి. పడమటి గోడ పొరుగువారిది. దానిలో ఒక్క మేకును కొట్టలేదు. సందును బాగుచేయబోయి పొరుగును చెరుపుకొనినచో లాభమేమి?

మొదటిది నీరు. మా పెంకుటింటి పైకప్పులో సందువైపు వాలిన భాగము రమారమి 300 చదరపుటడుగులు. మా వారు బడిపిల్లలకు చెప్పినట్లు నల్లబల్లపై లెక్క వేసి చూపిరి: లక్ష్మీదేవిపేటలో కురిసినంత వాన ఆ పైకప్పుపై కురిసినచో ఒక్క దినములో 18,000 లీటర్ల నీరు చూరునుండి జారును. ఇన్నూరు లీటర్ల పీపాలు తొంబదియన్నమాట! సందు ముందుకొనయందు మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతుగల ఇంకుడుగుంత త్రవ్వి, ఇటుకముక్కలును, కంకరయు, పైన దొడ్డు ఇసుకయు నింపితిమి. అందులో రాళ్లు పోగా నిలుచు నీరు నన్నూరు లీటర్లు మాత్రమే. కావున ఇంకుడుగుంత దినదినము వచ్చు వాడుకనీటికిని, చిన్న వానకును తగినది. పెద్ద వానను అది యొక్కటియే మ్రింగజాలదు. గుంత నిండిన పిమ్మట నీరు వీధిమోరీలోనికి పోవుటకు వేరుగా ఒక తూము విడిచితిమి. ఈ తూము మాట ఎవరును మరువవలదు. గుంతను ఇంటిగోడకు వీలైనంత దూరమున, మంచినీటి బావికిని మరుగుదొడ్డి గుంతకును ఎడముగా త్రవ్వవలెను.

చూరునీరు నేలపై ధారగా పడి గోడకు చిమ్మకుండ, పెద్ద ప్లాస్టిక్ గొట్టమును నిలువున రెండుగా చీల్చి, చూరుక్రింద ఇంటివాసములకు తీగతో కట్టి, కొసను గుంతవైపు దింపితిమి. నేలకు వాలు తెచ్చుటకు మేస్త్రీ నీరు నింపిన సన్నని గొట్టముతో రెండు కొనలను మట్టము చూచెను. పదియడుగులకు అంగుళమున్నర వాలు చాలును. అంతకన్న ఎక్కువైనచో వృద్ధులకు నడకయందు తూలుడు పుట్టును; తక్కువైనచో నీరు నిలుచును. సందు నేల ఇంటినేలకన్న కనీసము అరయడుగు పల్లమున నుండవలెను. గోడనంటి పోసిన మట్టినంతయు తీసివేసితిమి. ఆ చెమ్మ మరకలు రెండు నెలలలో వాటియంతటవే ఆరిపోయెను.

రెండవది నేల. సందునంతయు సిమెంటుతో పూయవలెనని నాకును మొదట తోచెను. కాని సిమెంటు నీటినింకనీయదు. ఎండ కాచిన వేడిని రాత్రివరకు దాచుకొనును. తడిసినచో పాచిపట్టి జారును. కావున మొరము దిమ్మిస చేసి, దానిపై ఇసుక పరచి, ఒక పాత యిల్లు కూల్చినచోట తక్కువ వెలకు దొరకిన షాబాదు బండలను నడుమ వ్రేలెడు సందుంచి పరచితిమి. బండల నునుపైన ముఖమును క్రిందికి త్రిప్పి, గరుకైనదానిని పైకి వేయించితిమి. ఊతకర్రకు అదియే పట్టు. వంటయింటి గడప దగ్గర అరయడుగు మెట్టును రెండు చిన్న మెట్లుగా విభజించి, ప్రక్కన చేయి పట్టుకొనుటకు ఇనుపగొట్టము పాతించితిమి.

మూడవది కూర్చుండుచోటు. ఇరుకైన సందున కుర్చీలు వేసినచో నడువ వీలుండదు. పదునెనిమిదంగుళముల ఎత్తుగల రెండు ఇటుక దిమ్మెలు కట్టి, వానిపై ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పుగల బండను వేసితిమి. అయిదడుగులలో అడుగున్నర పోగా మూడున్నర యడుగుల దారి మిగిలినది. ఊతకర్రతో పోవుటకు అది చాలును. తక్కువ యెత్తుగల పీట పడుచువారికి బాగుండునుగాని మోకాళ్లు నొచ్చువారు దానినుండి లేవలేరు. పని ముగిసిన దినమున నేను, "అత్తమ్మా, గద్దె బాగున్నదా?" అని యడిగితిని. ఆమె గబుక్కున నా నోటికి చేయి యడ్డము పెట్టి, "గద్దె అనకు బిడ్డా, ఈ ఊర్ల గద్దెలు తల్లులయి. మనది అరుగు" అనిరి. ఆనాటినుండి అది అత్తగారి యరుగు.

నాలుగవది నీడ. నేను మూడు దినములు గంటగంటకు సుద్దముక్కతో నేలపై ఎండగీత గీచి చూచితిని. ఉత్తర దక్షిణములుగానున్న మా సందులో ఉదయము పదిదాటిన పిమ్మట ఎండ నేల తాకును. రెండు గంటలకు పడమటి గోడ నీడ వచ్చి కప్పును. అనగా దినమున నాలుగు గంటలు మాత్రమే. తూర్పు పడమరలుగా నున్న సందులలో ఈ లెక్క వేరు. ఎవరి సందును వారే గీచి చూచుకొనవలెను. మా సందులో నడిమి పదియడుగులకు మాత్రము నాలుగు వెదురు నిట్రాళ్లను నేలలో పాతి తేలికపందిరి వేసితిమి. తక్కినది ఆకాశమునకు విడిచితిమి. రేకులు వేయుమని పలువురు చెప్పిరిగాని వినలేదు. 2024 ఆగష్టు 31న తాడ్వాయి అడవిలో సుడిగాలికి వేలకొలది మహావృక్షములు వేళ్లతో కూలినపుడు, గాలికి ఎగిరి మనుష్యులపై బడగల రేకు మా తలపై లేదుగదా యని సంతోషించితిని.

కడపటిది మొక్క. ఇరుకు సందునకు ఎదుగువలసినది అడ్డముగా కాదు, నిలువుగా. నీడను, తేమను కోరు తమలపాకు తీగ పందిరి నిట్రాటికి ప్రాకినది. బచ్చలి దాని కెదురుగా ప్రాకినది. పసుపును, అల్లమును సగము నీడలోనైనను పెరుగును గనుక వానిని గోడకు జానెడు దూరముగా పాత బకెట్లలో పెట్టితిని. పుదీన నేలపై వదలినచో అంతటను వ్యాపించును. దానికి తొట్టియే మేలు. తులసికిని, మల్లెకును ఎండ కావలెను. వానిని ఉత్తరపు కొనను, పందిరి లేనిచోట ఉంచితిమి. గోడపగుళ్లలో మొలచు రావి, మఱ్ఱి మొలకలను చిన్నవిగా నున్నపుడే పెరికివేయవలెను. తొట్ల క్రింది పళ్లెములలో నీరు వారమునకొకమారైనను పారబోయవలెను. దోమ గ్రుడ్డు దోమయగుటకు వారము పదిదినములు చాలును. అడవి దగ్గరి యూరు గనుక కట్టెలు, ఇటుకలు సందులో కుప్పవేయుట లేదు. పాములు చేరునది అట్టి కుప్పలలోనే. చీకటిపడిన వెంటనే ఒక దీపము వెలిగింతుము.

ఇరుకుచోటును ఇట్లు ఆదరించుట మనమొక్కరమే చేయుట లేదు. జపాను దేశమున క్యోటో నగరమునందలి పాత వర్తకుల యిండ్లు వీధికి సన్నగాను, లోపలికి మిక్కిలి పొడవుగాను ఉండును. ఆ యిండ్లనడుమ గాలికిని వెలుగుకును రెండు చాపలంత చోటు విడిచి, ఒక రాతినీటితొట్టి, కొన్ని నీడమొక్కలు ఉంచుదురు. దానిని 'త్సుబొనివా' అందురు. అమెరికాలో దక్షిణ కెరొలైనా రాష్ట్రమున చార్లెస్టన్ నగరమునందు ఒక్క గది వెడల్పుగల పాత యిండ్లు గలవు. వాని ముఖము వీధికి కాక ప్రక్క ఖాళీస్థలమునకు త్రిప్పి, ఆ ప్రక్క పొడుగునను పొడవైన వసారా కట్టుదురు. ఉక్కపోతగల యూరు గనుక ఇంటివారు సాయంకాలము ఆ ప్రక్కవసారాలోనే గడపెడివారు. దేశము లేవైనను ఇరుకున బ్రతుకువారి బుద్ధి యొక్కటే.

పని 2023 మార్గశిరమునకు ముగిసెను. అత్తగారు ఉదయము అరుగుపై కూర్చుండి చిక్కుడుకాయలు వలుచుట, సాయంకాలము పొరుగు అక్కతో మాటలాడుట మొదలిడిరి. పదియడుగుల నడక ఇరువదియెనిమిది యడుగులయ్యెను. అప్పుడే మరియొక చిక్కు వచ్చినది. జాతర సమీపించుచుండెను. ఇంటి యజమాని వచ్చి మా వారితో, "సారూ, నాలుగు దినాలే గద. ఆ అరుగు, పందిరి తీసేస్తే సందుల మంచి దుకాణం పడుతది. మీకు రెండు నెలల కిరాయి విడిచిపెడుత" అనెను. అతని మాటలో తప్పు లేదు. జాతర సమయమున ఈ యూర అంగుళము నేలకైనను వెల గలదు. శస్త్రచికిత్సకు చేసిన అప్పు మాకింకను తీరలేదు. రెండు నెలల అద్దె మాకు చిన్నది కాదు. మా వారు నావైపు చూచిరి. నేను అత్తగారివైపు చూచితిని.

ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిదప, "కిరాయి వద్దనేటంత కలిగినోళ్లం కాదు బిడ్డా. కాని చంటిపిల్లలతోటి వచ్చే ఆడోళ్లకు ఇంత చాటుకు కూసుండి పాలిచ్చేటందుకు ఊర్ల జాగ ఏడున్నది? ముందటి సగం ఆయనకు ఇయ్యున్రి. వెనుక సగం తల్లులకు ఇడువున్రి" అనిరి. యజమాని సమ్మతించి ఒక నెల అద్దె విడిచిపెట్టెను. ముందుభాగమున బెల్లపు దుకాణము పెట్టిరి. ఇచ్చట దానిని బెల్లమనరు, బంగారమందురు. మొక్కజొన్నదంటులతో నడుమ దడి కట్టితిమి. వంటయింటి తలుపు మీదుగా వెనుకభాగమునకు దారి యిచ్చితిమి.

జాతర 2024 ఫిబ్రవరి 21 మొదలు 24 వరకు జరిగెను. ఆ నాలుగు దినములు మా వంటయింటి గడప ఆరలేదు. జంపన్నవాగులో స్నానముచేసి తడిబట్టలతో వచ్చిన పడుచులు దడిచాటున చీర మార్చుకొనిరి. పసిబిడ్డల తల్లులు బండపై కూర్చుండి పాలిచ్చిరి. ఎవరి యూరేదో, ఎవరి కులమేదో మేమడుగలేదు, వారు చెప్పలేదు. అత్తగారు అరుగుకొనను కూర్చుండి, ఒకరి బిడ్డను ఒడిలో నుంచుకొని, మరియొకరికి నీటిచెంబు చూపుచు, ఇంటిపెద్దవలె ఉండిరి. మంచముపై పడియున్న యేడాదిలో తానెవ్వరికిని అక్కరకురానని ఆమె పలుమార్లు అనుచుండిరి. ఆ నాలుగు దినములలో ఆ మాట అనుటకు ఆమెకు తీరిక దొరకలేదు.

22వ తేదీ సాయంకాలము సమ్మక్క చిలకలగుట్ట దిగివచ్చు వేళ పోలీసులు గాలిలోనికి తుపాకి పేల్చి తల్లికి స్వాగతమిత్తురు. ఆ చప్పుడు మా సందులోనికి వినవచ్చెను. జనులందరు గద్దెలవైపు పరుగిడిరి. నేను, "పోలేకపోతిమి గదా అత్తమ్మా" అంటిని. ఆమె పందిరి దాటి కనబడు ఆకాశపు చీలికవైపు తలయెత్తి, రెండు చేతులు జోడించి, "ఏడికి పోవాలె? మొగులు ఈడికే వచ్చె గద" అనిరి.

సోదరీమణులారా! మీ యింటి ప్రక్కను ఒక సందున్నదా? రేపు ఉదయము దాని తలుపు తీయుడు. ఏ మొక్క నాటుదునా యని చూడకుడు. నీరు ఎటు పోవుచున్నదో మొదట చూడుడు. ఆ పిమ్మట ఎండ ఎంతసేపు నిలుచునో చూడుడు. పిదప మీ యింటిలో ఆకాశము కనబడనివారెవరో తలచుకొనుడు. అత్తగారో, బాలింతరాలో, దినమంతయు పొయ్యిదగ్గర నిలుచు మీరేయో. వారు కూర్చుండుటకు ఒక బండ వేయుడు. తక్కినది ఆ చోటే మీకు నేర్పును.